పంటచేలకు దుప్పులు దిగు దారులను నక్షాపై గుర్తించు విధము

రైతులకు మనవి

అడవి యంచున భూమిగల ప్రతి రైతునకును ఈ కష్టము తెలిసినదే. విత్తనము, ఎరువు, కూలి సమకూర్చి మూడు నెలలు పెంచిన పైరు ఒక్క రాత్రిలో దుప్పుల మంద పాలగును. తెల్లవారి పొలమునకు బోయిన రైతు కంకులులేని జొన్నదంట్లను, చిగుళ్ళు తెగిన పెసరచేనును జూచి మాటరాక నిలుచును. ఆ రాత్రినుండి మంచె కట్టి, డబ్బాలు మ్రోగించుచు, నిద్రమాని కాపుగాయును. అతడు తూర్పున నుండగా మృగములు పడమట జొరబడును. పడమటికి పరుగిడగా పొరుగువాని చేనిలో దిగును.

ఇట్లగుటకు ముఖ్యకారణ మొక్కటే. మనము పైరును గాచుచున్నాము గాని దారిని గాచుటలేదు. దుప్పి యైనను కణుజు ఐనను తోచిన చోటనెల్ల పొలములో దిగదు. గుట్టల నడుమ పల్లమును, వాగు గట్టున పొదల చాటును, ఎక్కుటకు సులువైన వాలును బట్టి నడచును. అట్టి చోట్లు ఒక గ్రామమునకు రెండో మూడో, మిక్కిలి యైనచో ఐదారో యుండును. వానిని పగటిపూట నక్షాపై గుర్తించి, పిదప నడచి చూచి రూఢిపరచుకొన్నచో, ఊరిచుట్టును గాయవలసిన కాపు కొద్దిచోట్లకు తగ్గును.

ఈ విద్య క్రొత్తది కాదు. ఉత్తర అమెరికాలోని వేటగాండ్రు అక్కడి దుప్పులను, ఎల్కు అను పెద్దజాతి దుప్పిని వెదకుటకు ముందుగా ఎత్తుపల్లములు చూపు పటములను ముందిడుకొని, మృగము ఎచ్చట పరుండును, ఎచ్చట మేయును, నడుమ ఏ దారిని నడచునని లెక్కించుకొందురు. పూర్వము సింహళమునందును దక్షిణ హిందూదేశమునందును వేటాడిన ఆంగ్లేయులు మన కణుజును సైతము ఎల్కు అనియే పిలుచుచుండిరి. అక్కడ వేటకై వాడు ఉపాయమును మనము పంటరక్షణకై వాడుకొనవచ్చును.

1. మొదట మృగమెద్దియో తెలిసికొనవలెను

ఒక్కొక్క మృగమునకు ఒక్కొక్క తీరు కలదు. చేనిలో దిగినదేదో తెలియక దారి వెదకుట వ్యర్థము.

చుక్కల దుప్పి మందలుగా దిరుగును. అడవియంచు, గడ్డినేల, పలుచని చెట్లు దీనికి బ్రియము. నీటికి దూరముగా నుండజాలదు. సాయంకాలమునను తెల్లవారుజామునను మేతకు వెడలుట దీనికి వాడుక. నిట్టనిలువు కొండల నెక్కుట దీనికి ఇష్టముగాదు.

కణుజు, కొన్నిచోట్ల కడితి యనబడునది, మన దుప్పులలో నెల్ల పెద్దది. బాగుగా పెరిగిన మగది 225 కిలోగ్రాములకు మించి తూగవచ్చును. ఒంటరిగనో రెండుమూడుగనో యుండును. పగలు కొండచరియలలోని దట్టమైన పొదలలో పరుండి, ప్రొద్దుగ్రుంకిన పిదప దిగివచ్చి, వెలుగు రాకమునుపే మరల నెక్కిపోవును. బురదగుంటలలో పొర్లుటయు, లేజెట్ల బెరడును కొమ్ములతో నొరయుటయు దీని యలవాట్లు.

కృష్ణజింక దుప్పిజాతి కాదు. దుప్పుల కొమ్ములు రాలి మరల మొలచును, జింక కొమ్ములు రాలవు. ఇది బయలునేలల మృగము, పగలే మేయును, దట్టమైన అడవి జొరదు. నారాయణపేట జిల్లాలోని కృష్ణాతీరపు మైదానములలో ఇవి మందలుగా చేలలో దిగుచుండుట అచ్చటి రైతులకు దెలిసినదే. మనుబోతు చిట్టడవులను, ముండ్లపొదలను ఆశ్రయించి, ఒకేచోట పలుమారు పేడవేసి కుప్ప చేయును.

మేసిన తీరును బట్టియు మృగమును పోల్చవచ్చును. దుప్పులకు పైదవుడ ముందుభాగమున పండ్లు లేవు. కావున అవి కొరికిన కొమ్మ చిరిగినట్లు పీచుపీచుగా నుండును. కుందేలు కొరికిన మొక్క కత్తితో ఏటవాలుగా గోసినట్లుండును. అడవిపంది నేలను ముట్టెతో దున్ని, దంట్లను పడద్రోసి, నమిలిన పిప్పిని ఉమిసి పోవును.

2. కావలసిన నక్షాలు రెండు

మొదటిది గ్రామనక్షా. ఇందు సర్వేనంబర్లు, వాని హద్దులు, బండిదారులు, వాగులు, చెరువులు కనబడును. ఆంధ్ర జిల్లాలలో ఇట్టి నక్షాలు పూర్వము మైలునకు 16 అంగుళముల కొలతను వ్రాయబడినవి. అనగా నక్షాపై ఒక అంగుళము నేలపై 330 అడుగులు. నైజాము రాజ్యపు గ్రామములలో నక్షాతోబాటు ఒక్కొక్క నంబరునకు టీపన్ అను కొలతపత్రముండెడిది. ఈ నక్షాలలో ఎవరి భూమి ఎచ్చట నున్నదో తెలియును గాని ఎత్తుపల్లములు తెలియవు.

రెండవది భారత సర్వేశాఖవారి పటము. ఈ దేశమున శాస్త్రీయమైన భూకొలత 1802లో మద్రాసు చెంత మొదలయ్యెను. 1815లో లాంబ్టన్ దొర బీదరు చెంత ఆధారరేఖను కొలిచెను. కావున మన దక్కను నేలకు ఈ కొలత రెండువందల యేండ్లనాడే వచ్చినది. ఇప్పటి పటములలో సామాన్యముగా వాడుకలో నున్నది 1:50,000 కొలతగలది. ఇందు 2 సెంటీమీటర్లు నేలపై ఒక కిలోమీటరు. 2005వ సంవత్సరపు జాతీయ పటవిధానము ననుసరించి ఇట్టి పటములను పౌరులు పొందవచ్చును.

ఈ పటమున రంగులకు అర్థము కలదు. ఎత్తును జూపు గీతలు గోధుమవర్ణము, నీరు నీలము, అడవి ఆకుపచ్చ, సేద్యపునేల పసుపు. నీరెండిన వాగు నల్లగీతతో జూపబడును. ఈ నల్లగీతలను నిర్లక్ష్యము చేయరాదు. నీరులేని వాగే మృగములకు మిక్కిలి యనుకూలమైన బాట.

రెండు నక్షాలను జతపరచుటకు, రెంటను గుర్తుపట్టదగిన చోట్లను మూడింటిని ఎన్నుకొనవలెను. చెరువుకట్ట కొన, గుడి, వాగులు గలియుచోటు ఇందుకు తగినవి. పెద్దపటమున గన్న కనుమ ఏ సర్వేనంబరునకు ఎదురుగా నున్నదో అప్పుడు తెలియును.

3. ఎత్తుగీతలను చదువుట

పటముపై గోధుమవర్ణపు గీతలు సమోన్నత రేఖలు. ఒక గీతపై నున్న చోట్లన్నియు ఒకే ఎత్తున నుండును. చెరువులో నీరు తగ్గుచుండగా గట్టుపై వరుసగా ఏర్పడు నీటిజాడల వంటివే ఇవి. 1:50,000 పటమున ఒక గీతకును పైగీతకును సామాన్యముగా 20 మీటర్ల ఎత్తు భేదము.

గీతలు దగ్గరగా నున్నచో నేల నిటారు, ఎడముగా నున్నచో నేల మెల్లని వాలు. లెక్క యిట్లు చేయవలెను. పటముపై గీతల నడిమి దూరము 1 మిల్లీమీటరైనచో నేలపై 50 మీటర్లు. ఆ 50 మీటర్లలో 20 మీటర్లు ఎక్కవలెను. ఇది కష్టమైన చరియ. దూరము 5 మిల్లీమీటర్లైనచో 250 మీటర్లకు 20 మీటర్లే ఎక్కుదల. దానిని బండియు నెక్కగలదు. మృగమునకును శ్రమమన్న నిష్టము లేదు. తరుముకొని వచ్చువారు లేనప్పుడు సులువైన వాలునే యెన్నుకొనును.

గీతలు మొనదేరి ఎత్తువైపునకు జొచ్చినచో అది వాగు లేక లోయ. మొన పల్లమువైపునకు నున్నచో అది గుట్టనుండి దిగు వెన్ను. రెండు శిఖరముల చుట్టు గీతలు వలయములై, వాని నడుమ నేల తగ్గియున్నచో అది కనుమ.

4. పటమున చూడవలసిన చోట్లు

మొదటిది కనుమ. గుట్ట కావలికి బోవలసిన మృగము శిఖరము నెక్కక కనుమగుండా దాటును. పలుదిక్కులనుండి వచ్చు జాడ లిక్కడ కలియును. పటమున చూడవలసినవానిలో ఇది ముఖ్యము.

రెండవది అడవినుండి చేలలోనికి వచ్చు వాగు. గట్లమీది పొదలు, లోతైన ఇసుకపాయ, మృగమునకు చాటు నిచ్చును. వాగులు రెండు గలియుచోట జాడ లధికము.

మూడవది చరియ నడుమ చదునైన మెట్టు. పైనను క్రిందను గీతలు దగ్గరగానుండి నడుమ ఎడమైనచో అచ్చట మెట్టున్నదని తెలియవలెను. కణుజు పగలు పరుండుటకు ఇట్టి చోటు తగును. పైనుండి పల్లమంతయు కనబడును, వాసన తెలియును, పారుటకు దారియు నుండును.

నాలుగవది అడవి కొనదేరి సేద్యపునేలలోనికి చొచ్చుకొని వచ్చిన చోటు. పటమున ఆకుపచ్చ పసుపులోనికి నాలుకవలె వచ్చియుండును. దుప్పి చాటు విడిచి బయట నడవవలసిన దూరము ఇక్కడ తక్కువ. కావున తొలుత దిగునది ఇక్కడి చేనిలోనే.

ఐదవది నీరు. వేసవిలో చెరువు శిఖము, వాగుమడుగు, చెలమ ఏవి మిగిలియుండునో గుర్తించవలెను. పరుండు చోటునకును నీటికిని నడుమ మన చేను పడినచో నష్టము తప్పదు.

కృష్ణజింక విషయమున ఈ గుట్టలు, కనుమలు పనికిరావు. దానికై పటమున చెట్లులేని బీళ్ళను, నదీతీరపు గడ్డినేలలను, వానినుండి చేలలోనికి అడ్డులేని బయళ్ళను చూడవలెను.

5. ఒక ఉదాహరణము

ఒక గ్రామము నూహింపుడు. ఉత్తరమున గుట్ట కలదు. దాని యడుగు 300 మీటర్ల ఎత్తున, రెండు శిఖరములు 420, 400 మీటర్ల ఎత్తున నున్నవి. నడుమ 340 మీటర్ల ఎత్తున కనుమ. కనుమనుండి ఎండువాగొకటి దక్షిణముగా దిగి, జొన్నచేల నడుమగా చెరువులో గలియును. గుట్ట తూర్పుచరియను గీతలు 1 మిల్లీమీటరు ఎడముతోను, పడమటిచరియను 5 మిల్లీమీటర్ల ఎడముతోను ఉన్నవి. పడమటి పాదమున అడవి నాలుకవలె కందిచేలలోనికి చొచ్చినది. చేలకును అడవికిని గల సరిహద్దు 2 కిలోమీటర్లు.

ఒక్కొక్క కావలివాడు 200 మీటర్లు గాయగలడనుకొన్నచో పదిమంది కావలెను. పది రాత్రులకు నూరు నిద్రలు చెడును. ఇప్పుడు పటమును జూడుడు. తూర్పుచరియ నిటారు, అటు దిగుట అరుదు. కనుమనుండి వచ్చు వాగు ఒక దారి. పడమటి అడవినాలుక రెండవ దారి. చెరువు శిఖమునకు ప్రక్కగా బోవు పొదలవరుస మూడవ దారి కావచ్చును. పదిమంది చేయవలసిన పని ముగ్గురు చేయగలరు. వంతులు వేసికొన్నచో ఒక్కొక్కరికి మూడు రాత్రుల కొకసారి కాపు, రెండు రాత్రులు నిద్ర.

6. నడచి చూచి రూఢిపరచుకొనుట

పటము ఊహ నిచ్చును గాని సాక్ష్యము నీయదు. పటము వ్రాసిన పిమ్మట అడవి నరకబడియుండవచ్చును, కాలువ త్రవ్వబడియుండవచ్చును, రోడ్డు పడియుండవచ్చును. కావున గుర్తించిన ప్రతి చోటును స్వయముగా చూడవలెను.

వాన వెలిసిన మరునాటి ఉదయము ఇందుకు మంచిది. వానలేని దినములలో, సాయంకాలమున దారికడ్డముగా ఒక మీటరు వెడల్పున మట్టిని చదునుచేసి, కొమ్మతో తుడిచి, ఉదయమున చూడవలెను. గిట్టల మొన చేనివైపా, అడవివైపా? ఎన్ని జాడలు? చిన్నవా, పెద్దవా? మేకగిట్ట దుప్పిగిట్టను పోలియుండును గాని, మేకది మొన మొద్దు, దుప్పిది వాడి. కణుజు జాడ చుక్కల దుప్పి జాడకంటె చాల పెద్దది. పశువుల బాటలు ఊరివైపునకు బోవును. మృగముల బాటలు ఊరిని తప్పించుకొని పొదల చాటున బోవును.

పదునైదు దినము లిట్లు చూచి, గ్రామనక్షా నకలుపై తేదీతో గుర్తులు వేయవలెను. వచ్చిన దారికొక రంగు, మరలిన దారికొక రంగు వాడుట మంచిది. ఈ గుర్తులను ఋతువు ననుసరించి వేరుగా నుంచవలెను. వానకాలమున అడవిలోనే గడ్డియు నీరును సమృద్ధి. అడవిగడ్డి యెండి యాసంగిపైరు పచ్చగా నున్నప్పుడు దారులు మారును. వేసవిలో నీటిదారియే ప్రధానము.

ఈ పనికి ఒంటరిగా పోరాదు. చీకటివేళ పొదలలో జొరబడరాదు. ఎలుగుబంటి యున్న గుట్టలలో ఈ జాగ్రత్త ప్రాణరక్షకము. రక్షితారణ్యములోనికి అనుమతిలేక పోవలదు. చేలయంచున నుండియే చాలవరకు తెలియును.

7. గాలి సంగతి

దుప్పికి కన్నుకంటె ముక్కును చెవియు నెక్కువ సాయము. కొండప్రక్కన గాలికి ఒక క్రమము కలదు. ప్రొద్దెక్కి చరియ వేడెక్కిన పిదప గాలి పల్లమునుండి మీదికి వీచును. ప్రొద్దుగ్రుంకి నేల చల్లబడగా చల్లగాలి లోయవెంట క్రిందికి దిగును. పెద్దగాలి లేని రాత్రులలో ఇది స్పష్టముగా నుండును.

మృగముల రాకను కనిపెట్టదలచిన దినమున మంచె దారికి క్రిందిగాలిని, అనగా గాలి మృగమునుండి మనవైపు వీచుచోట నుండవలెను. కాపుగాయు దినమున వేరు సంగతి. మనిషివాసన దారిపై బడినచో మృగము చేనిని జొరకయే ఆగును గాని, ప్రక్కనున్న రెండవ దారిని వెదకును. కావున ఒక దారిలో కావలి పెట్టి రెండవదానిని విడుచుట పొరుగువానికి నష్టము దెచ్చుటయే.

8. దారి తెలిసిన పిదప చేయవలసినది

ఒక్కని చేనికి కంచెవేయుట మృగములను పొరుగుచేనిలోనికి తోలుట. కాన ఆ వైపున భూమిగల రైతులందరు కూడి, నక్షాను ముందిడుకొని, దారులన్నిటికి ఒకేసారి కట్టుబాటు చేయవలెను. ఖర్చును ఎకరముల చొప్పున పంచుకొనవచ్చును.

కంచె వేయదలచినచో దుప్పి దూకుడును లెక్కింపవలెను. దుప్పులను ఆపుటకు సామాన్యముగా 8 అడుగుల ఎత్తు కావలెను. అంత ఖర్చు సరిహద్దంతయు భరింపరానిది. కనుమకెదురుగను, అడవినాలుక కొనయందును వేసి, కొనలను నిటారు చరియకో లోతైన వాగుగట్టుకో కలుపుట పొదుపు. నేలయే మిగిలిన కంచె యగును.

దారికెదురుగా నున్న మళ్ళలో మృగము లంతగా ముట్టని ఆముదము వంటి పైరును వేయుట మేలు. యాసంగి జొన్నచేని చుట్టును కుసుమసాళ్ళు వేయుట దక్కనులో పూర్వాచారము. ముండ్లు గట్టిపడిన పిదప అది పశువులను, మృగములను కొంత యడ్డును. చేనికిని పొదలకును నడుమ కొంత నేలను పొదలులేక శుభ్రముగా నుంచినచో, చాటు విడువ వెరచి దుప్పి ఆలోచించును.

ఇక మిక్కిలి ముఖ్యమైన మాట. మృగమునకు నీరొక్క చెరువునందే యున్నప్పుడు దారులన్నియు మూయరాదు. దప్పిగొన్న మంద కంచెను ద్రోసికొనియైనను వచ్చును. పై ఉదాహరణములోని ఎండువాగును చెరువువరకు విడిచి, దాని రెండు గట్లకును కంచెవేసినచో, మృగములు నీరు త్రాగి వచ్చినదారినే మరలును, జొన్న దక్కును. దారిని మూయుటకంటె దారిని మళ్ళించుట తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలము. అడవిలోనే నీటితొట్లు ఏర్పరుపుమని అటవీశాఖవారిని కోరునప్పుడును ఈ నక్షాయే మీకు సాక్ష్యము.

9. చేయరానివి

కొందరు విసిగి కంచెకు ఇంటి విద్యుత్తును తగిలింతురు. ఇది ఘోరము. ఆ తీగకు దుప్పి యెవరో, తెల్లవారుజామున నీరు గట్టుటకు వచ్చిన పొరుగు రైతెవరో, తన కొడుకెవరో తెలియదు. ఇట్టి తీగలు తగిలి రైతులును కూలీలును మరణించుచున్నారు. సౌరశక్తితో పనిచేయు కంచె వేరు. అది క్షణమాత్రముండు తాకిడిని ఎడమెడముగా నిచ్చి బెదరించును గాని చంపదు. దానికి దగిన యంత్రమునే కొనవలెను, ఇంటిలోని తీగతో ముడిపెట్టరాదు.

ఉరులు, గోతులు, విషము, తుపాకి వీనిని విడువవలెను. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే వీని వేట నిషిద్ధము. ఉరివేసి పట్టుటయు వేటయే. కృష్ణజింకను చంపినవారికి 3 నుండి 7 సంవత్సరముల చెర విధింపబడును. ఒక కారు పంట పోయిన మరల పండించుకొనవచ్చును. చెరలో బోయిన యేండ్లు మరల రావు.

నష్టము కలిగినప్పుడు వెంటనే అటవీ కార్యాలయమునకు తెలుపవలెను. ఛాయాచిత్రములు, సర్వేనంబరు, తేదీలతో గుర్తులువేసిన నక్షా నకలు జతపరచినచో పరిశీలన సులువగును.

ముగింపు

సారాంశ మిది. మృగము నెరుగుడు. రెండు నక్షాలను జతపరచుడు. కనుమ, వాగు, మెట్టు, అడవినాలుక, నీరు అను ఐదు చోట్లను గుర్తింపుడు. పదునైదు దినములు జాడలు చూచి నక్షాపై వేయుడు. అందరు కూడి కట్టుబాటు చేసికొనుడు. నీటికి ఒక దారి విడువుడు.

దుప్పి తన తాతముత్తాతలు నడచిన దారినే నడచును. ఆ దారిలో మనము చేను వేసితిమి. ఇరువురకు బ్రతుకు కావలెను గనుక, ఆ దారి యెచ్చటనో తెలిసికొనుట మొదటి పని. నక్షా గ్రామములో నున్నది, కన్నులు రైతునకున్నవి. ఈ కారు విత్తుటకు పూర్వమే ఒక సాయంకాలము నలుగురు కూర్చుండి పటమును విప్పుడు.